యుగాంతం జాబితాలో మన పేరు

మహాభారతం అరణ్యపర్వంలో, రాజ్యం పోగొట్టుకుని అడవిలో ఉన్న ధర్మరాజుకి మార్కండేయుడు కలియుగం చివర్లో ఏమేం జరుగుతాయో చెప్తాడు. పెద్ద జాబితా అది. వానలు కాలానికి పడవు. ఆవులు పాలు సరిగ్గా ఇవ్వవు. మనుషుల ఆయుష్షు తగ్గిపోతుంది. ఊళ్ళలో అన్నం అమ్ముకుంటారు (ఒక శ్లోకానికి పాత వ్యాఖ్యాతలు చెప్పిన అర్థం ఇది. ఈ లెక్కన హైదరాబాద్‌లో ప్రతి కర్రీ పాయింటూ ఒక ప్రళయ సూచనే). శూద్రులు ధర్మం బోధిస్తుంటే బ్రాహ్మణులు వాళ్ళ దగ్గర చేరి వింటారు. ఆ తర్వాత రాజుల వంతు. అబద్ధాలాడే పాపిష్టి మ్లేచ్ఛరాజులు భూమిని ఏలుతారని చెప్పి, వాళ్ళెవరో వరసగా పేర్లు చదువుతాడు: ఆంధ్రులు, శకులు, పుళిందులు, యవనులు, కాంభోజులు, ఆభీరులు.

మొదటి పేరు చూశారు కదా!

తెలుగులో ఈ భాగం ఎఱ్ఱన వంతుకి వచ్చింది. నేను మాట్లాడుతున్నది సంస్కృత మూలం గురించి. పురాణాలు ఆంధ్రులు అనేది శాతవాహనుల్ని. ప్రాకృతంలో శాసనాలు వేయించిన ఆ రాజులకీ, ఇవాళ ఈ వ్యాసం చదువుతున్న మీకూ నాకూ చుట్టరికం ఎంత అన్నది చరిత్రకారులు చూసుకుంటారు. పేరైతే మనదే. లోకం ఆఖరైపోతోందనడానికి గుర్తుగా ఒక మహాగ్రంథం మన పేరు రాసిపెట్టుకుంది. కలియుగ లక్షణాల గురించి మన ఇళ్ళల్లో తరతరాలుగా వింటూ, తలలూపుతూ, "అంతా ముందే చెప్పారు" అనుకుంటూ వచ్చాం. ఆ చెప్పినదాంట్లో మనం ఏ వైపున ఉన్నామో మాత్రం పెద్దగా పట్టించుకోలేదు.

అదే మార్కండేయుడు ఇంకో గుర్తు చెప్తాడు. భూమి మీద దేవాలయాలుండవు, ఎక్కడ చూసినా ఏడూకాలే ఉంటాయి అని. ఏడూకం అంటే అస్థికలు దాచి కట్టిన కట్టడం. బౌద్ధస్తూపాల గురించే ఈ మాట అని పండితులు చాలామంది అంటారు. ఇప్పుడు కృష్ణ ఒడ్డున ఎన్ని ఏడూకాలున్నాయో లెక్కపెట్టండి: భట్టిప్రోలు, అమరావతి, జగ్గయ్యపేట, నాగార్జునకొండ. మన స్కూలు పుస్తకాల్లో ఇది స్వర్ణయుగం. శిల్పులకి చేతినిండా పని, వర్తకులకి రోము దాకా వ్యాపారం, ఆడవాళ్ళు తమ పేర్ల మీద దానశాసనాలు వేయించిన కాలం. ఒకరి శాసనంలో పుణ్యకార్యంగా నమోదైన స్తూపమే, ఇంకొకరి శ్లోకంలో యుగాంత సూచన. అది ఎవరి యుగం, అంతమవుతున్నది ఎవరికి అన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

ఈ జాబితాలు భవిష్యత్ కాలంలో ఉంటాయి గానీ, చాలావరకు భూతకాలపు సంగతులే. 1913లో పార్జిటర్ అనే ఆయన పురాణాల్లోని కలియుగ రాజవంశాల పాఠాలన్నీ పోగేసి అచ్చు వేశాడు. ఫలానా రాజు పుడతాడు, ఇన్నేళ్ళు ఏలుతాడు అని భవిష్యవాణిలా సాగే ఆ వరస గుప్తుల తొలినాళ్ళ దాకా వస్తుంది. ఆ తర్వాత పేర్లు తగ్గిపోయి తిట్లు మిగుల్తాయి. అంటే రాసినవాడు ఆ చోట ఉన్నాడన్నమాట. వెనక్కి చూసి రాసినంతసేపూ పేర్లు, సంవత్సరాలు ఉన్నాయి. తన కాలం దాటి ముందుకు చూడాల్సివచ్చేసరికి భయం ఒక్కటే ఉంది. ఇంకో విషయం. ఏడుగురు సూర్యులు, సంవర్తకాగ్ని, పన్నెండేళ్ళ వాన, ఆ నీళ్ళ మధ్య మర్రికొమ్మ మీద పసివాడు - గొప్ప కవిత్వమంతా ప్రళయ వర్ణనలో ఉంది. కానీ మార్కండేయుడు పదేపదే తిరిగి వచ్చేది ప్రళయం దగ్గరికి కాదు, ఎవరు ఎవరి మాట వినడంలేదన్న దగ్గరికి. వినేవాడు కూడా ఎవరో చూడండి. అప్పటికే ఉన్న స్థానం పోయి అడవిపాలైన రాజు. ఆ కథ ఎవరికి బాగా ఎక్కుతుందో వ్యాసుడికి తెలుసు.

మన కాలజ్ఞానం దగ్గరికి వస్తే వ్యవహారం కొంచెం చిక్కుపడుతుంది, నాకు ఆసక్తి కూడా అక్కడే. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి విశ్వబ్రాహ్మణుడు. కమ్మరం, వడ్రంగం, కంసాలి పనులు చేసే కులం. వాళ్ళు తాము బ్రాహ్మణులమే అంటారు, వైదికులు ఆ మాట ఒప్పుకోలేదు. బనగానపల్లెలో అచ్చమ్మ పశువులు కాస్తూ రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశాడని కథ. ఆయన శిష్యుల్లో పేరుపడ్డవాడు సిద్ధయ్య, దూదేకుల ఇంటి పిల్లవాడు. ఇంకో శిష్యుడు కక్కయ్య మాదిగ. మార్కండేయుడి కళ్ళతో చూస్తే బ్రహ్మంగారి మఠమే ఒక యుగాంత లక్షణం. ధర్మం చెప్పకూడనివాళ్ళు చెప్పారు, వినకూడనివాళ్ళు విన్నారు. అయినా ఆ పేరుతో తిరిగే పాఠాల్లో కులాలు తారుమారవుతాయన్న వాపోత కూడా కనిపిస్తుంది. ఎవరు ఎత్తుకున్నా ఈ ప్రక్రియ పాత దారిలోకే లాక్కుపోతుందేమో. లేక తర్వాత చేర్చినవాళ్ళ చేతివాటమా? కాలజ్ఞానం ఒక పుస్తకం కాదు కాబట్టి ఇలాంటివి తేల్చడం కష్టం. తాళపత్రాలు, మఠాల ప్రతులు, రైల్వేస్టేషన్లలో దొరికే చిన్న పుస్తకాలు, 1984లో ఎన్.టి. రామారావు తీసి నటించిన సినిమా, ఇప్పుడు వాట్సాప్ - అన్నీ కలిపితే కాలజ్ఞానం. జరిగినవన్నీ అందులోకి వచ్చి చేరతాయి. 2020లో కోరంకి అనే జబ్బు గురించి బ్రహ్మంగారు ముందే చెప్పారని ఎన్ని ఫోన్లలోకి వచ్చిందో గుర్తుందా? 2019లో ఒక్కరూ ఆ మాట పంపలేదు.

ఇదంతా అమాయకపు కాలక్షేపం అనుకోవచ్చు. కానీ 2024 సెప్టెంబర్ మొదటివారంలో నాకు అలా అనిపించలేదు.

కృష్ణానది దుర్గమ్మ ముక్కుపుడకని తాకుతుందన్న మాట బెజవాడ పిల్లలందరికీ తెలుసు. ఆ వారం ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. గుడి ఫోటో, కింద ఎర్రటి నీళ్ళు, పైన బ్రహ్మంగారి బొమ్మ - ఒకే రోజు నాలుగు గ్రూపుల్లో వచ్చింది నాకు. అదే సమయంలో సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురంలో జనం డాబాల మీద ఉన్నారు, మంచినీళ్ళు లేకుండా. వాళ్ళ ఇళ్ళు ముంచింది కృష్ణ కాదు. బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే వాగు అది. దాని మళ్ళింపు కాలువ గట్టుకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. బుడమేరుని బెజవాడ దుఃఖదాయిని అని ఎప్పట్నుంచో పిలుస్తున్నారు. అది పారాల్సిన చోట ఇళ్ళు లేచాయి, గట్లు బలహీనపడ్డాయి, ప్రభుత్వాలు మారాయి. ఇందులో ఒక్క ముక్కా ఏ కాలజ్ఞానంలోనూ లేదు. భవిష్యవాణి పెద్దనది గురించి చెప్పింది, మునిగింది వాగు పక్కవాళ్ళు. ముక్కుపుడక ఫోటోని షేర్ చేసినవాళ్ళలో ఇంజనీర్లు ఉన్నారు, కాలువ గట్టు అంటే ఏమిటో చదువుకున్నవాళ్ళు. "ముందే చెప్పారు" అనేశాక ఇంక ఎవర్నీ ఏమీ అడగనక్కర్లేదు కదా.

(పురాణాల లెక్కే తీసుకున్నా కలియుగం 4,32,000 ఏళ్ళు. క్రీస్తుపూర్వం 3102లో మొదలైందంటారు. అయిపోయినవి అయిదువేల చిల్లర. ఈ సంగతి చెప్తే ఫార్వర్డ్‌లు పంపేవాళ్ళకి కోపం వస్తుంది.)

సరే, పాతకాలపు మాటలు అలా ఉన్నాయి, కొత్తవి శాస్త్రం మీద నిలబడ్డాయి కదా అంటారా. కొన్ని నిలబడ్డాయి. ఇంకొన్ని మార్కండేయుడి జాబితాకి అంకెలు అతికించినవే. 1968లో వచ్చిన పాల్ ఎర్లిక్ 'ది పాపులేషన్ బాంబ్' మొదటి అధ్యాయం చదవండి. ఢిల్లీలో ఒక ఉక్కపోత రాత్రి, భార్యతో కూతురితో పాత టాక్సీలో వెళ్తున్నాడు. వీధి నిండా మనుషులు. తింటున్నారు, స్నానం చేస్తున్నారు, పడుకున్నారు, చెయ్యి చాపి అడుక్కుంటున్నారు. జనాభా విస్ఫోటం అంటే ఏమిటో తనకి ఆ రాత్రి మనసుకి తెలిసిందంటాడు. వచనంగా చాలా బలమైన పేజీ అది, ఒప్పుకోవాలి. కానీ ఆ రోజుల్లో పారిస్ మహానగరంలో ఢిల్లీకన్నా చాలా ఎక్కువమంది ఉన్నారు. పారిస్ వీధిలో జనాన్ని చూస్తే ఎవరికీ యుగాంతం గుర్తుకు రాలేదు. డెబ్భైల్లో కోట్లమంది ఆకలితో చచ్చిపోతారని ఎర్లిక్ ఖాయంగా చెప్పాడు. అలా జరగలేదు. జరిగింది వేరు. ఎక్కువైపోయిన మనుషులు అనే భయం ప్రభుత్వాలకీ, అప్పులిచ్చే దేశాలకీ మామూలు భాష అయింది. ఎమర్జెన్సీలో 1976-77 ఒక్క సంవత్సరంలోనే మనదేశంలో ఎనభై లక్షలకి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఎంతమందిని బలవంతంగా లాక్కెళ్ళారో షా కమిషన్ ముందు బయటికి వచ్చింది. ఆ పుస్తకం వల్లే ఇదంతా అయిందని నేననను. ఆ పుస్తకం ఏ కళ్ళతో చూసిందో, ఆ శిబిరాలూ అవే కళ్ళతో చూశాయి.

అక్కడికి యాభై ఏళ్ళు తిరక్కుండా కథ అడ్డం తిరిగింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సంతాన సాఫల్యత 1.7, తెలంగాణలో 1.8. 2024 అక్టోబర్‌లో ముఖ్యమంత్రి చంద్రబాబు ఎక్కువమంది పిల్లల్ని కనమన్నారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చెయ్యకూడదన్న నిబంధనని నవంబర్‌లో అసెంబ్లీ తీసేసింది. ఎక్కువైపోతారన్నదీ ప్రళయమే, తక్కువైపోతారన్నదీ ప్రళయమే. రెండుసార్లూ మాట వచ్చి పడేది ఆడవాళ్ళ కడుపు మీద. మార్కండేయుడు కూడా ఆ విషయంలో పెద్ద తేడాగా ఏమీ లేడు, పసిపిల్లలు గర్భం దాల్చడం ఆయన జాబితాలో ఉంది.

ఈ వరసలో అన్నిటికంటే అసహ్యమైన పుస్తకం ఫ్రెంచి రచయిత జాన్ రస్పాయ్ 1973లో రాసిన నవల, 'ల కాం దే సాఁ'. పేరు బైబిల్ ప్రకటన గ్రంథంలోది: పరిశుద్ధుల శిబిరం, దాన్ని చుట్టుముట్టే జనాలు. నవలలో చుట్టుముట్టేది ఎవరనుకుంటున్నారు? కలకత్తాలో ఓడలెక్కిన లక్షలాదిమంది పేద భారతీయులు. వాళ్ళ చేతిలో ఆయుధాలుండవు. ఊరికే వచ్చి ఫ్రాన్స్ ఒడ్డున దిగుతారు, దాంతో పాశ్చాత్య నాగరికత ముగిసిపోతుంది. వాళ్ళలో ఒక్కరికైనా మనిషిలా మాట్లాడే అవకాశం ఇవ్వడు రచయిత. ఇవాళ యూరప్‌లో, అమెరికాలో నాగరికత కూలిపోతోందని మాట్లాడే ఒక వర్గానికి ఇది ఆరాధ్యగ్రంథం. అంటే అరణ్యపర్వం నుంచి ఇప్పటిదాకా, జాబితాలో మన చోటు మనకి పదిలంగా ఉంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాళ్ళు కొందరు ఈ నాగరికత-పతనం కబుర్లు ఎంతో ఇష్టంగా షేర్ చేస్తుంటే నాకు మార్కండేయుడే గుర్తొస్తాడు. ఆంధ్రులు, శకులు, పుళిందులు...

ఇంతా చెప్పి, వాతావరణ మార్పు కూడా ఇలాంటి పుక్కిటి పురాణమే అని నేను అనబోతున్నానని మీకు అనుమానం వస్తే, లేదు. ఈ ఏడుపుల్ని ఆ హెచ్చరికల్నించి విడదియ్యాలన్నదే నా తాపత్రయం. అందుకు నాకు ఉపయోగపడిన పుస్తకం 'ది లిమిట్స్ టు గ్రోత్'. 1972లో క్లబ్ ఆఫ్ రోమ్ కోసం ఎం.ఐ.టి.లో డొనెల్లా మెడోస్, ఆమె సహచరులు రాసింది. దాన్ని కూడా జనం జోస్యంగానే చదివారు: ఫలానా ఏడాదికి చమురు అయిపోతుందన్నారు, కాలేదు, కాబట్టి తప్పు అని. పుస్తకం చెప్పింది అది కాదు. కంప్యూటర్ మోడల్‌తో అది గీసినవి చాలా భవిష్యత్తులు. ఇలాగే పోతే ఈ శతాబ్దంలో కూలిపోతాం. ఇవి ఇవి మార్చుకుంటే నిలబడతాం. కూలిపోయే గీతలూ నిలబడే గీతలూ పక్కపక్క పేజీల్లో ఉంటాయి. ఆ "పోతే" అనే మాట మార్కండేయుడి దగ్గర లేదు. ఎర్లిక్ మొదటి పేజీల్లోనూ లేదు.

నిజం కాకుండా పోవాలని కోరుకునే భవిష్యవాణి పాతవాటిలోనూ ఒకటుంది. బైబిల్లో యోనా. నలభై రోజుల్లో నీనెవె నాశనమవుతుందని చాటుతాడు. ఊరు ఊరంతా, రాజుతో సహా, భయపడి మారిపోతుంది. నాశనం ఆగిపోతుంది. యోనాకి ఒళ్ళు మండిపోతుంది! తన మాట తప్పయిందని ఊరి బయట కూర్చుని అలుగుతాడు. ఆ అలకే ఆ కథకి ప్రాణం. జోస్యం చెప్పినవాడికి ఊరికన్నా తన మాట ఎక్కువైపోయిన క్షణం అది. మన కాలంలో నీనెవె లాంటివి రెండు చెప్తాను. ఓజోన్ పొర చిరిగిపోతోందన్నారు, 1987లో మాంట్రియల్ ఒప్పందం చేసుకుని ఆ రసాయనాలు ఆపారు, ఇప్పుడు పొర మెల్లగా కోలుకుంటోంది, "ఏదీ ఆ ఓజోన్ గొడవ?" అని నవ్వేవాళ్ళున్నారు. రెండోది వై2కె. కంప్యూటర్లలో సంవత్సరానికి రెండంకెలే పెట్టడం వల్ల 2000 జనవరి 1న అన్నీ ఆగిపోతాయన్నారు. ఏమీ కాలేదు, అంతా బూటకం అన్నారు. కాకుండా చూసినవాళ్ళలో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని విమానం ఎక్కిన మన కుర్రాళ్ళు కూడా ఉన్నారు. జీతమిచ్చిన ప్రళయం అదొక్కటే.

ఈ రెండు రకాల భయాలనీ ఒకే తెర మీద కలిపిన తెలుగు సినిమా మనముందే ఉంది కాబట్టి దాని గురించి రెండు మాటలు. నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఎ.డి.' (2024). కలి మొదలై ఆరువేల ఏళ్ళు అని ఆ సంవత్సరం పెట్టారు. పురాణాల లెక్కకి ఇంకా నాలుగు లక్షల ఇరవై ఆరువేల ఏళ్ళ ముందే వచ్చేసిన కల్కి, పోన్లెండి. ఎండిపోయిన కాశీ, దాని పైన అన్నీ పీల్చుకుని తేలే కాంప్లెక్స్. కింద నీళ్ళు లేవు, పైన సముద్రమే ఉంది. ఈ ఊహ మార్కండేయుడిది కాదు, మన కాలానిది: లోకం చెడింది మనుషులు మాట వినకపోవడం వల్ల కాదు, కొందరు పీల్చేసుకోవడం వల్ల. అరణ్యపర్వంలో కల్కి శంభళలో బ్రాహ్మణుడి ఇంట పుడతాడు, దస్యుల్ని చంపి భూమిని బ్రాహ్మణులకి దానం చేస్తాడు. సినిమాలో కల్కిని మోస్తున్నది ప్రయోగశాలలో ఒక నంబరుగా బతికిన అమ్మాయి. సుమతి అన్న పేరు కూడా తర్వాత దొరికిందే. ఈ మార్పుని మన సమీక్షకులు గ్రాఫిక్స్ సందడిలో పట్టించుకోలేదు. నాకు మాత్రం సినిమా అంతటికీ ఇదే పెద్ద సాహసం అనిపించింది.

ఆ సాహసాన్ని సినిమా చివరిదాకా మోయలేకపోయింది. కాంప్లెక్స్ ఎందుకు కట్టారు, ఎవరు ఒప్పుకున్నారు, కాశీ జనం ఎందుకు తిరగబడరు అన్న ప్రశ్నలు వేసి, జవాబు వచ్చే వేళకి అశ్వత్థామ లేచి నిలబడతాడు. ఇంక అంతా ఎవరు పూర్వం ఎవరో తెలుసుకోవడమే. అన్యాయానికి కారణాలు వెతుకుతున్న కథ, వంశవృక్షం వెతుక్కోవడంలో పడిపోయింది. భైరవ పాత్ర దగ్గర మాత్రం రచయితలు నిజం రాశారు. లోకం ఇలా ఎందుకుందని అతనికి బాధ లేదు. పది లక్షల యూనిట్లు పోగేసి పైకెళ్ళిపోవాలి, అంతే. వీసా స్లాట్ కోసం రాత్రిళ్ళు రిఫ్రెష్ కొట్టిన ఎవరికైనా ఆ మనిషి తెలిసినవాడే.

నాకు ఇంకా నచ్చిన యుగాంతం సినిమా వేరే ఉంది, థియేటర్లలో ఎక్కువ రోజులు ఆడనిది. విశ్వక్ ఖండేరావు 'స్కైలాబ్' (2021). అమెరికా వాళ్ళ అంతరిక్ష కేంద్రం 1979 జూలైలో నెత్తిన పడబోతోందని రేడియోలో విన్న ఒక తెలంగాణ పల్లె. ఒకమ్మాయికి పత్రికలో తన పేరు పడాలని, ఒక డాక్టరుకి డబ్బు కావాలని, ఒకాయనకి అప్పులు తీరాలని ఉంటుంది. ఆకాశం విరిగి పడుతోందన్నా ఆ గొడవలు వాళ్ళని వదలవు. ఆ కాలంలో బతికినవాళ్ళని అడగండి, సినిమాలో లేనివి చాలా చెప్తారు. చచ్చిపోతాం కదా అని కోళ్ళూ మేకలూ కోసుకు తిన్నారు. పొలాలు అడ్డికి పావుసేరుకి అమ్ముకున్నవాళ్ళున్నారు. కొన్నవాళ్ళూ ఉన్నారు, ఆ కొన్నవాళ్ళకి ప్రళయం గురించి ఏం తెలుసో నాకెప్పుడూ కుతూహలమే. జూలై 11న స్కైలాబ్ కొంత హిందూ మహాసముద్రంలో, కొంత పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరాన్స్ అనే ఊరి చుట్టుపక్కల పడింది. చెత్త పారబోసినందుకు ఆ ఊరివాళ్ళు నాసాకి 400 డాలర్ల జరిమానా రాశారు. ఇక్కడ మనవాళ్ళు ఆ రోజుల్లో పుట్టిన పిల్లలకి స్కైలాబ్ అని పేరు పెట్టుకున్నారు. ఆ పిల్లలకి ఇప్పుడు నలభై అయిదు దాటింది.